తాబేళ్ళ తీరమున సేవ: తల్లిదండ్రులకు ఒక పాఠము

మన గంజాం జిల్లాలో ఋషికుల్యా నది సముద్రమున కలియు చోటికి, మాఘ ఫాల్గుణ మాసములలో, లక్షలకొలది సముద్రపు తాబేళ్ళు వచ్చి, ఒడ్డున కెక్కి, ఇసుకలో గ్రుడ్లు పెట్టి మరలిపోవుచుండును. లోకమున ఇట్టి తీరములు బహు కొద్ది. ఆ కొద్దిలో ఒకటి మన ముంగిటనే యున్నది. ఆ తీరగ్రామముల యువకులు చిన్న చిన్న సంఘములుగా ఏర్పడి, పెద్ద ఆదాయమేమియు లేకయే, ఈ ప్రాణులకు కాపలా కాయుచున్నారు.

మన విద్యార్థులలో కొందరు తామును వారితో కలిసి పనిచేయుదుమని మమ్ము అడిగిరి. ఈ మాట ఇండ్లకు చేరగానే తల్లిదండ్రులలో కొందరు సంతోషించిరి, కొందరు సందేహించిరి, కొందరు కోపగించిరి. ముత్తెరగుల వారి మాటలోను న్యాయము కలదు. కావున ఈ సేవ యనగా ఏమి, దాని భారము ఎవరిపై పడుచున్నది, పిల్లలకు దానివలన కలుగు లాభమేమి, వారిని ఎప్పుడు పంపవలెను, ఎప్పుడు పంపరాదు అను సంగతులను ఈ వ్యాసమున క్రమముగా విన్నవించుచున్నాము.

తాబేలు జీవితము

మన తీరమునకు వచ్చు తాబేలును ఆలివ్ రిడ్లీ యందురు. మన ఇరుగుపొరుగు ఒడియావారు తాబేలును కఇంఛ యనియు, తమిళులు ఆమై యనియు అందురు. పెరిగిన తాబేటిచిప్ప పొడవు రెండడుగులకు కొంచెము హెచ్చు. బరువు సుమారు 35 నుండి 45 కిలోలు. నీటిలో నివసించునదైనను ఇది చేపవలె నీటిలోని గాలిని గ్రహింపలేదు. ఊపిరితిత్తులు గల ప్రాణి యగుటచే నడుమ నడుమ పైకివచ్చి గాలి పీల్చుకొనవలెను. ఈ యొక్క సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. వలలో చిక్కిన తాబేలు ఏల చచ్చునో దీనివలననే తెలియును.

ఆడు తాబేలు రాత్రివేళ ఒడ్డునకెక్కి, తెడ్లవంటి వెనుక కాళ్ళతో అడుగున్నర లోతున కూజా ఆకారముగల గోయి త్రవ్వి, నూరు నుండి నూటయిరువది వరకు గ్రుడ్లు పెట్టును. పిదప ఇసుక కప్పి, తన దేహముతో అదిమి, సముద్రమునకు పోవును. మరల ఆ గూటి మొగము చూడదు. కోడి తన గ్రుడ్లను పొదిగినట్లు తాబేలు పొదుగదు. ఇసుకలోని వేడిమియే పొదుగును. నలువదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు బయటికి వచ్చును.

ఇచ్చట ఒక వింత కలదు. పుట్టబోవు పిల్ల ఆడుదియా మగదియా అనునది ఇసుక వేడిమిని బట్టి నిర్ణయమగును. ఇసుక చల్లగా నున్నచో మగపిల్లలు హెచ్చు, వేడిగా నున్నచో ఆడుపిల్లలు హెచ్చు. ఇంచుమించు 29, 30 డిగ్రీల ప్రాంతమున రెండును సమముగా నుండును. భూమిపై ఎండలు హెచ్చుచున్న ఈ కాలమున ఇది చిన్న సంగతి కాదు.

పిల్లలు సాధారణముగా రాత్రివేళ గూటినుండి వెలువడును. చీకటిలో సముద్రముపైనుండు మసక వెలుతురును గుర్తించి ఆ దిక్కునకు ప్రాకును. ఇవి కోట్ల సంవత్సరములుగా సముద్రపు తాబేళ్ళ కలవడిన దారి. కాని నేడు వెనుకవైపున వీధిదీపమో, కర్మాగారపు దీపమో వెలిగినచో పిల్లలు దానినే సముద్రమనుకొని ఊరివైపు ప్రాకి, తెల్లవారునప్పటికి కుక్కలకును కాకులకును ఆహారమగును, లేదా ఎండకు మాడి చచ్చును. ఒడ్డు దాటి నీట పడినను వానిలో వేయింటికొకటి మాత్రమే పెరిగి పెద్దదగునని అంచనా. ఆ యొక్కటియు పదిపదునైదేండ్లు గడచిన పిదపగాని గ్రుడ్లు పెట్టు వయస్సునకు రాదు. వచ్చినప్పుడు తాను పుట్టిన తీరప్రాంతమునకే మరల చేరును. ఈ యేడు మన తీరమున చచ్చిన పిల్లల లోటు మరి పదునైదేండ్లకు గాని మనకు కనబడదన్నమాట.

రక్షణ యెట్లు మొదలైనది

తాబేలు మనకు పూజ్యమే. శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మమున విష్ణుమూర్తి కూర్మరూపమున పూజలందుకొనుచున్నాడు. అయినను పూజ ఒకటి, వ్యాపారము ఒకటిగా సాగినది. ఒడిశా తీరమున పట్టిన తాబేళ్ళు బండ్లపైనను రైళ్ళపైనను కలకత్తా బజారునకు పోయిన దినములు కలవు. గ్రుడ్లను పడవలతో తరలించి అమ్మిరి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1974లో హెచ్. ఆర్. బస్టర్డ్ అను శాస్త్రజ్ఞుడు గహీర్మథా తీరమున తాబేళ్ళు సామూహికముగా గ్రుడ్లు పెట్టుటను లోకమునకు వెల్లడించెను. 1977లో ఈ జాతిని చట్టములోని మొదటి పట్టికలో చేర్చిరి. 1981లో దేవీ నదీముఖమును, 1994లో బివాష్ పాండవ్ అను పరిశోధకుని వలన మన ఋషికుల్యా తీరమును శాస్త్రలోకమునకు తెలియవచ్చెను. 1997లో గహీర్మథా సముద్ర అభయారణ్యముగా ప్రకటింపబడెను. ఇట్టి సామూహికమైన రాకకు స్పెయిను భాషలో అర్రిబాడా యని పేరు.

ఈ రాక మన ఆజ్ఞకు లోబడునది కాదు. 2023లో ఋషికుల్యా తీరమున ఆరు లక్షలకు మించిన తాబేళ్ళు గ్రుడ్లు పెట్టెను. 2024లో అట్టి సామూహికమైన రాక జరుగనేలేదు. 2025లో మరల ఆరు లక్షలకు మించి వచ్చెను. రానిచో సేవ చేయుట వ్యర్థమని విసుగుకొను వాడు ఈ పనికి పనికిరాడు. వచ్చినను రాకున్నను తీరమును సిద్ధముగా నుంచుటయే సేవకుని వంతు.

ఒకే ప్రాణి, రెండు విధముల సేవ

చెన్నపట్టణమున 1970ల తొలినాళ్ళలో రోములస్ విటేకర్ మొదలగువారు రాత్రులందు తీరమున నడచి తాబేటి గూళ్ళను కాపాడ మొదలిడిరి. ఆ పనిని 1988 నుండి విద్యార్థుల సముద్రతాబేళ్ళ సంరక్షణ సంఘము నడుపుచున్నది. పేరునకు తగినట్లు దానిని నెలకొల్పినవారు విద్యార్థులే. నీలాంగరై నుండి బెసెంటు నగరు దిక్కునకు సుమారు ఏడు కిలోమీటర్ల ఇసుకలో వారు నడచెదరు. అచ్చట తాబేళ్ళు ఒంటరిగా, ఒక రాత్రి ఒకటి, మరొక రాత్రి రెండుగా వచ్చును. పట్టణపు దీపములు, కుక్కలు, జనసందడి హెచ్చు. కావున వారు గ్రుడ్లను జాగ్రత్తగా తీసి, కంచె వేసిన పొదుగుచోటికి చేర్చి, తల్లి త్రవ్విన లోతుననే మరల పూడ్చెదరు. గ్రుడ్లు పెట్టిన కొద్ది గంటలలోనే ఈ మార్పు జరుగవలెను. గ్రుడ్డును త్రిప్పరాదు, కుదుపరాదు. ప్రతి గూటికిని తేదీ, గ్రుడ్ల లెక్క వ్రాసి యుంచెదరు. పిల్లలు వెలువడిన పిదప వానిని ఇసుకపై విడిచినచో అవియే నడచి నీటిలో చేరును.

మన ఋషికుల్యా తీరమున పని వేరు. ఒక్కొక్క తాబేలు నూరు గ్రుడ్లు పెట్టినను ఆరు లక్షల తాబేళ్ళకు ఆరు కోట్ల గ్రుడ్లగును. వానిని తరలించుట మానవసాధ్యము కాదు, అవసరమును లేదు. ఇచ్చట సేవకులు గ్రుడ్లను ముట్టరు. తాబేళ్ళు రాక పూర్వమే తీరమునుండి చినిగిన వలలను, ప్లాస్టిక్కు సంచులను, సీసాపెంకులను ఏరివేసెదరు. గ్రుడ్లు పెట్టు దినములలో కుక్కలను, నక్కలను, అడవిపందులను తరిమెదరు. చూడవచ్చిన జనమును దూరముగా నిలిపెదరు. పిల్లలు వెలువడు దినములలో ఊరివైపున వలకంచె కట్టి, దారి తప్పి వచ్చిన పిల్లలను బుట్టలలోను బకెట్లలోను ఏరి సముద్రపు దరిని విడిచెదరు. తీరమునకు దగ్గర నున్న దీపములను ఆ కొలది దినములు ఆర్పుడని ఇంటింటికిని పోయి అడుగుదురు.

యానాము వారికి చేరువనున్న కాకినాడ హోప్ దీవిపైనను ఈ తాబేళ్ళే గ్రుడ్లు పెట్టును. ప్రాణి ఒక్కటియే, తీరమును బట్టి సేవ మారును. ఇతరులు చేసిన దానిని చూచి మనమును అట్లే చేయుట సేవ కాదు. మన చోటికి ఏది కావలెనో తెలిసికొని చేయుట సేవ.

వల పట్టిన వాని పక్షము

ఇప్పుడు కోపగించిన తల్లిదండ్రుల మాట చెప్పవలెను. మన పాఠశాలలో పట్టణపు వర్తకుల, ఉద్యోగుల పిల్లలతోపాటు తీరగ్రామముల జాలరి, వాడబలిజ కుటుంబముల పిల్లలును ఒకే బల్లపై కూర్చుందురు. ఒడియావారు నోలియా లని పిలుచు వీరు తరతరములుగా ఈ తీరమున తెలుగు మాటలాడుచున్న మనవారు. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం మద్రాసు రాజధానినుండి విడివడి ఒడిశాలో చేరినప్పుడు ప్రభుత్వము మారినది గాని, వీరి సముద్రమును భాషయు మారలేదు.

నవంబరు 1వ తేదీ మొదలు మే 31వ తేదీ వరకు, ధామ్రా, దేవీ, ఋషికుల్యా నదీముఖముల నుండి 20 కిలోమీటర్ల మేరలో యంత్రపు పడవలతో చేపలవేట ప్రతియేట నిషేధింపబడుచున్నది. దీనికి తోడు తూర్పుతీరమంతటను ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని మరియొక నిషేధము కలదు. రెండింటిని కలిపి లెక్కించినచో ఆ మేరలో మోటారు పడవ నమ్ముకొన్న కుటుంబమునకు ఏడున్నర మాసములు వేట లేదు. తల్లిదండ్రుల సమావేశమున ఒక జాలరి లేచి, "తాబేలు బతకాల బాబూ, నేను కాదనను. మరి మా పొయ్యి మాటేటి?" అని అడిగెను. సభలో ఎవరును మారు పలుకలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము మా చేతిలో లేదు. నిషేధకాలమున భృతి ఎంత, ఎప్పుడు, ఎవరికి అనునది ప్రభుత్వము నిర్ణయింపవలసిన విషయము. అయినను ఒక సంగతి పిల్లలకు చెప్పక తప్పదు. తాబేళ్ళను హెచ్చుగా చంపునది చిన్న పడవ కాదు. సముద్రపు అడుగును ఊడ్చుకొని పోవు ట్రాలరు వల గంటలకొలది నీటిలోనే యుండును. అందు చిక్కిన తాబేలు పైకివచ్చి గాలి పీల్చుకొనలేక చచ్చును. దీనికి మందు ఉన్నది. వల మెడలో ఇనుప కమ్మీల చట్రమును, దానిప్రక్కన తాబేలు బయటపడుటకు ద్వారమును అమర్చినచో రొయ్యలు కమ్మీల సందున వెనుకకు పోవును, తాబేలు ద్వారమున వెలువడును. కొంత చేపయు దానితో పోవునని ట్రాలరువారు దానిని వాడుటకు వెనుదీయుచుందురు. ఈ చట్రము సరిగా వాడుటలేదను కారణముచే 2019లో అమెరికా దేశము మన సముద్రమున పట్టిన రొయ్యల దిగుమతిని నిలిపివేసినది. తాబేలును విడువకున్న రొయ్యయు అమ్ముడుపోదని దీనివలన తేలినది.

కావున మా అభిప్రాయమిది. పట్టణపు బాలుడు ఒక రాత్రి తీరమున నిలిచి, ఒక పిల్లను సముద్రమున విడిచి, తాను తాబేళ్ళను రక్షించితినని గర్వపడుట న్యాయము కాదు. ఆ తాబేలు కొరకు ఏడు మాసములు పడవ కట్టివేసిన వాని కొడుకు అతని ప్రక్కబల్లపైనే యున్నాడు. సేవకు పోవువాడు ముందుగా ఆ సహాధ్యాయి యింటికి పోయి, వాని తండ్రితోను తాతతోను మాటలాడి రావలెను. ఋషికుల్యా తీరమున కాపలా కాయుచున్న సంఘములు ఆ తీరగ్రామములనుండి పుట్టినవే గాని పైనుండి వచ్చినవి కావు. వాని బలమును అదియే.

పిల్లలు నేర్చుకొనునది

మొదటిది, చూచుట. ఇసుకపై తాబేటి జాడ బండి చక్రపు జాడవలె నుండును. వచ్చిన జాడ యేది, పోయిన జాడ యేది, గ్రుడ్లు పెట్టినదా లేక పెట్టకయే మరలినదా అని గుర్తించుటకు ఓర్పుతో కూడిన చూపు కావలెను. అట్టి చూపు పుస్తకము చదివినంత మాత్రమున రాదు.

రెండవది, వ్రాయుట. తేదీ, వేళ, గాలి, జాడల సంఖ్య, చచ్చి ఒడ్డునబడిన తాబేళ్ళ సంఖ్య, ఇవి ప్రతిదినము వ్రాసినగాని లెక్క కాదు. ఒక రాత్రి వ్రాసిన లెక్కకు విలువ లేదు. పదియేండ్లు వ్రాసిన లెక్కను శాస్త్రజ్ఞుడును చేతులు జోడించి తీసికొనును. చూడని దానిని చూచినట్లు వ్రాయకుండుట సత్యవ్రతములో మొదటి మెట్టు.

మూడవది, ముట్టకుండుట. పిల్లలకు ప్రాణిని చూడగానే పట్టుకొనవలెనని యుండును. ఈ సేవలో హెచ్చు భాగము దూరముగా, చప్పుడు చేయక, దీపము వెలిగింపక నిలుచుటయే. చేయి చాపకుండుటయు ఒక సేవ యని తెలిసికొన్న బాలుడు పెద్దవాడైన పిదప ఇతర విషయములందును నిగ్రహము చూపునని మా నమ్మకము.

నాలుగవది, మన భాష. గాలుల పేర్లు, కెరటముల పేర్లు, చేపల పేర్లు, వలల పేర్లు మన జాలరుల తెలుగులో ఎన్నియో కలవు. వానిలో పెక్కు మన వాచకములలో లేవు. వేట మానిన తాతలతోపాటు ఆ మాటలును పోవుచున్నవి. మనము పాఠశాల పెట్టుకొన్నది తెలుగు నిలుపుకొనుటకు గదా! సేవకు పోవు ప్రతి విద్యార్థియు తన పుస్తకమున ఒక ప్రక్క తాబేటి లెక్కయు, మరియొక ప్రక్క జాలరి నోటివెంట వినిన ఒక క్రొత్త తెలుగు మాటయు వ్రాసికొని రావలెనని కోరుచున్నాము. ఈ పాఠమున పట్టణపు పిల్లవాడు శిష్యుడు, తీరపు పిల్లవాడు గురువు.

తల్లిదండ్రులకు మనవి

పరీక్షల సమయమున తాబేళ్ళ వెంట ఏల అని సందేహించినవారి మాట సమంజసమే. తాబేళ్ళు గ్రుడ్లుపెట్టు ఫిబ్రవరి, మార్చి మాసములే పరీక్షల మాసములు. ఆ రాత్రులలో లక్షల తాబేళ్ళ నడుమ పిల్లల అవసరము తీరమున లేదు. అనుభవము గల పెద్దలును అటవీశాఖవారును చాలుదురు. పిల్లలు నిజముగా ఉపయోగపడు సమయములు రెండు. డిసెంబరు, జనవరి మాసములలో పగటివేళ తీరమును శుభ్రపరచుట ఒకటి. పరీక్షలు ముగిసిన పిదప ఏప్రిల్, మే మాసములలో పిల్లలు వెలువడునప్పుడు పెద్దలతో కలిసి దారి తప్పినవానిని ఏరుట మరియొకటి. ఈ రెండింటికి పంపినచో చదువునకు నష్టము రాదు.

పంపదలచిన వారు ఈ క్రింది నియమములను గమనింపవలెను.

1. తల్లి గాని తండ్రి గాని వ్రాతమూలముగా సమ్మతి తెలుపవలెను. ఉపాధ్యాయుడు వెంట లేక ఏ విద్యార్థియు పోరాదు. బాలికలకు ఉపాధ్యాయిని వెంట నుండవలెను.

2. అటవీశాఖ అనుమతి గల సంఘముతో మాత్రమే పోవలెను. ఈ తాబేలు చట్టములోని మొదటి పట్టికలోనిది. అనుమతి లేక దానిని గాని దాని గ్రుడ్లను గాని తీసికొనుట మూడేండ్లకు తక్కువకాని కారాగారశిక్షకు తగిన నేరము. ఆటకైనను ఒక పిల్లను ఇంటికి తేరాదు.

3. సముద్రమున దిగరాదు. నదీముఖమున ఇసుకతిన్నెలు ఏటేట మారును, లోతు తెలియదు. నిన్న నిలిచిన చోట నేడు నీరుండును. ఈ తీరముననే పొడంపేట గ్రామము సముద్రపు కోతకు గురియై, జనులు ఇండ్లు విడిచి వేరుచోటికి పోవలసి వచ్చిన సంగతి అందరు ఎరుగుదురు.

4. దీపము, చప్పుడు, మెరుపు దీపముతో ఛాయాచిత్రము తీయుట కూడదు. వెలుతురు తప్పనిసరియైనచో పెద్దల చేతనున్న ఎర్రదీపము చాలును.

5. తీసికొనిపోయిన తినుబండారముల కాగితములను, సంచులను తిరిగి ఇంటికి తేవలెను. శుభ్రపరచ బోయి చెత్త వేసి వచ్చుట మనకు తగదు.

6. ఈ సేవకు బహుమతులుగాని మార్కులుగాని ఉండవు. బహుమతి కొరకు వచ్చువాడు తాబేళ్ళు రాని సంవత్సరమున రాడు.

తీరమునకు పంపలేని వారును ఇంటివద్ద చేయదగిన పనులు కలవు. తీరమునకు దగ్గర ఇల్లు గలవారు పిల్లలు వెలువడు దినములలో సముద్రమువైపు దీపములను ఆర్పవచ్చును. అందరును ప్లాస్టిక్కు సంచిని కాలువలో వేయుట మానవచ్చును. ఊరి కాలువ నదికి, నది సముద్రమునకు పోవును గదా. సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి ఈ ప్రశ్నలడుగుడు: వలలో తాబేలు ఏల చచ్చును? ఇసుక వేడెక్కినచో ఏమగును? చెన్నపట్టణమున గ్రుడ్లను ఏల తరలింతురు, మన తీరమున ఏల తరలింపరు? వేట లేని మాసములలో నీ స్నేహితుని ఇంట ఎట్లు గడచుచున్నది? మొదటి మూడింటికి ఈ వ్యాసమున జవాబులున్నవి. నాల్గవ దానికి జవాబు స్నేహితుని ఇంటికి పోయి తెలిసికొనవలెను.

చిన్న సంఘములకు పెద్ద ధనము లేదు, పెద్ద భవనములు లేవు. వేళకు వచ్చి, చెప్పిన పని చేసి, మరుసటి యేడును మరల వచ్చు మనుష్యులే వానికి ధనము. అట్టి మనుష్యులు మన పాఠశాలనుండి పదిమంది తయారైనను చాలును. ఏప్రిల్ మాసపు పనికి సమ్మతి పత్రములను పాఠశాల కార్యాలయమున పొందవచ్చును. ఆలోచించి, ఇంటివారందరితో మాటలాడి, మనస్ఫూర్తిగా సమ్మతింపుడని ప్రార్థించుచున్నాము.